నాకా లేని దారిలో పర్మిట్: ఇంటి లాన్ వైరుకు తాళం ఎందుకు రాలేదు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిక ఉన్నప్పుడు చదవండి.

ఖానాపురం హవేలిలో మనోళ్లు ఉండే గదుల సంగతి ఈ గ్రూపులో తెలియని వాళ్లు తక్కువే. చర్ల, దుమ్ముగూడెం, పినపాక, గుండాల నుంచి, ఇటు రఘునాథపాలెం తండాల నుంచి చదువు కోసం ఖమ్మం వచ్చినోళ్లం ఏళ్ల తరబడి ఇక్కడే అద్దెకు ఉంటున్నాం. ఓనరు ఇంట్లో ఒక ఫైబర్ కనెక్షన్ ఉంటది. కిటికీలోంచి లాగిన లాన్ వైరు మెట్ల కింద ఉన్న ఎనిమిది పోర్టుల స్విచ్‌లోకి వస్తది, అక్కడి నుంచి గదికో వైరు. నెల బిల్లు తలా ఇంత. ఎవరు ఖాళీ చేసి పోయారో, కొత్తగా ఎవరు చేరారో ఆ స్విచ్‌కి తెల్వదు. వైరు గుచ్చితే చాలు, నెట్ వస్తది.

ఈ మధ్య జూనియర్లు ఒక మాట అడుగుతున్నారు. కాలేజీ ల్యాబులో వాడటానికి లాప్‌టాప్‌లో ఒక సెట్టింగు పెట్టించారు. ఈథర్నెట్ ప్రాపర్టీస్‌లో ‘అథెంటికేషన్’ అని ఒక ట్యాబ్, అందులో 802.1ఎక్స్ ఎనేబుల్ చేసే టిక్. "అదే టిక్ గదిలో కూడా ఉంచితే మన నెట్ సెక్యూర్ అయినట్టే కదన్నా?" అని. కాదు అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఎందుకు కాదు అన్నదాని వెనక యాభై ఏళ్ల చరిత్ర ఉంది. అది తెలిస్తే టిక్ ఎక్కడ పెట్టాలో, ఎక్కడ తీసెయ్యాలో ఎవరినీ అడగక్కర్లేదు.

ముందు ఆ టిక్ చేసే పనేంటో చూద్దాం. మన దగ్గర దీనికి ఫారెస్టు నాకా కంటే మంచి పోలిక లేదు. కలప బండి నాకా దగ్గరికొస్తే వాచర్ వెదురు కర్ర దించి ఆపుతాడు. పర్మిట్ అడుగుతాడు. పర్మిట్ నిజమా కాదా తేల్చేది మాత్రం వాచర్ కాదు, రేంజ్ ఆఫీసులో రిజిస్టరు పెట్టుకున్న సారు. ఆయన సరే అంటేనే కర్ర లేస్తది. 802.1ఎక్స్‌లో కూడా అచ్చం ఇట్లా మూడు పాత్రలే. బండివాడు మన లాప్‌టాప్. వాచర్ స్విచ్. రేంజ్ ఆఫీసు అనేది రేడియస్ సర్వర్. లాప్‌టాప్‌లో పెట్టే టిక్‌కి అర్థం "నా దగ్గర పర్మిట్ ఉంది, ఎవరన్నా అడిగితే చూపిస్తా" అని మాత్రమే. నాకాయే లేని దారిలో ఆ పర్మిట్ ఎవరికి చూపిస్తాం? మన వెనకాల పర్మిట్ లేకుండా వచ్చే బండిని అదెట్లా ఆపుతది?

ఇక చరిత్ర. 1973 మే 22న అమెరికాలో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రం ‘పార్క్’లో పనిచేసే రాబర్ట్ మెట్‌కాఫ్ ఒక మెమో రాశాడు. ఈథర్నెట్ అనే పేరు పుట్టింది అందులోనే. డేవిడ్ బాగ్స్‌తో కలిసి దాన్ని కట్టి చూపించాడు. ఆ కాలపు ఈథర్నెట్ అంటే బిల్డింగు మొత్తానికి లావుపాటి వైరు ఒక్కటే. కంప్యూటర్లన్నీ దానికే తగిలించుకునేవి. ఒకరు మాట్లాడితే అందరికీ వినబడేది, తనది కాని మాటను వదిలెయ్యడం ఆ కంప్యూటర్ మర్యాద. ఎవరు నువ్వు అని అడిగే ఏర్పాటే అందులో లేదు.

దాన్ని నిర్లక్ష్యం అనుకోవద్దు. అప్పటికే పాస్‌వర్డ్ కొత్త కాదు, 1960ల మొదట్లో ఎంఐటీలో సీటీఎస్ఎస్ అనే సిస్టమ్‌లోనే వాడారు. కానీ పాస్‌వర్డ్ కంప్యూటర్‌కి, వైరుకి కాదు. వైరు దాకా రావాలంటే బిల్డింగు గేటు దాటాలి, సెక్యూరిటీ గార్డును దాటాలి, గది తాళం తియ్యాలి. లోపల ఉన్నోడు అంటే మనోడే అన్న లెక్క. హవేలీ అన్న మాటకు అర్థం గోడ కట్టుకున్న పెద్ద ఇల్లు. పాత రెవెన్యూ భాషలో, సర్కారు వేరేవాళ్లకు రాసివ్వకుండా సొంత ఖర్చుకు తన చేతిలోనే ఉంచుకున్న భూముల్ని కూడా హవేలీ భూములనేవాళ్లు. మన ఊరి పేరులో ఉన్న ఆ మాటే మొదటి తరం నెట్‌వర్క్‌ల ఆలోచన కూడా. గోడ లోపలిదంతా మనది, కాబట్టి లోపల ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.

1990 నాటికి లావు వైరు పోయి టెలిఫోన్ లాంటి సన్న వైర్లు వచ్చాయి. అదే ఏడు వినోద్ భరద్వాజ్, లారీ బ్లెయిర్ స్థాపించిన కంపెనీ ఒకటి ఈథర్నెట్ స్విచ్‌ని మార్కెట్లోకి తెచ్చింది. కంపెనీ పేరు కల్పన! సిలికాన్ వ్యాలీలో మన దేశపు ఆడపిల్ల పేరుతో కంపెనీ. 1994లో దాన్ని సిస్కో కొనేసింది. మన మెట్ల కింద దుమ్ము పట్టి ఉన్న డబ్బా ఆ వంశంలోదే. స్విచ్ రాకతో ఒకరి మాట అందరికీ వినబడటం తగ్గింది. అయినా వైరు గుచ్చినోడిని ఎవరు నువ్వు అని అడగడం మాత్రం స్విచ్‌కీ రాలేదు.

అడగాల్సిన అవసరం ముందు పుట్టింది టెలిఫోన్ లైన్ల దగ్గర. మోడెమ్‌తో ఫోన్ చేసి నెట్‌లోకి వచ్చేవాళ్లకు గోడ, గేటు ఏం ఉంటాయి? నంబరు తెలిసిన ఎవడైనా చెయ్యొచ్చు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు యూనివర్సిటీల నెట్‌వర్క్ ‘మెరిట్’కు ఈ తలనొప్పి బాగా ఉండేది. ఊరూరా మోడెమ్‌ల గుట్టలు, ఒక్కో దాంట్లో వేరే పేర్ల లిస్టు. వాళ్ల అవసరం కోసం లివింగ్‌స్టన్ ఎంటర్‌ప్రైజెస్ అనే కంపెనీ 1991లో తయారుచేసిందే రేడియస్. అడిగేవాడు ఊరూరా ఉంటాడు, రిజిస్టరు మాత్రం ఒక్కచోటే. మన రేంజ్ ఆఫీసు పద్ధతే కదా. 1997 జనవరిలో అది అందరూ వాడుకునే ప్రమాణంగా అచ్చైంది.

మన దేశంలో ఎర్నెట్ 1986లోనే మొదలైనా అది ఐఐటీలకు, పెద్ద పరిశోధన సంస్థలకు పరిమితం. మామూలు జనానికి 1995 ఆగస్టు 15న విఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ ఇచ్చింది. అది కూడా డయలప్పే. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టి, మోడెమ్ కీచుమన్న తర్వాత లోపలికి పోవడమే. అంటే మన దేశంలో ఇంటి ఇంటర్నెట్ పుట్టింది నాకాతోనే. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాం.

1998 మార్చిలో మెరిట్ వాళ్లే ఇంకో అడుగు వేశారు. పాస్‌వర్డ్ కావచ్చు, సర్టిఫికెట్ కావచ్చు, కార్డు కావచ్చు, రేపు ఇంకేదైనా రావచ్చు. రకమేదైనా ప్రశ్నా జవాబూ ఒకే పద్ధతిలో నడిచేటట్టు ఈఏపీ అని ఒక సంభాషణ తీరు రాశారు. అది కూడా ఫోన్ లైన్ కోసమే. దాన్ని ఈథర్నెట్ వైరు మీదికి తెచ్చింది 2001లో ఐఈఈఈ. ఆ ప్రమాణం పేరే 802.1ఎక్స్.

2001లోనే ఎందుకు? ఎందుకంటే గోడ కూలిపోయింది. లాప్‌టాప్‌లు వచ్చాయి. యూనివర్సిటీ లైబ్రరీలో, సెమినార్ హాల్లో, కారిడార్లో గోడకు లాన్ సాకెట్లు పెట్టారు. దారిన పోయేవాడు కూడా కూర్చుని గుచ్చుకోవచ్చు. లోపల ఉన్నోడు మనోడే అన్న లెక్క పనిచెయ్యని చోటు కోసం పుట్టింది ఈ ప్రమాణం. పోర్టు మామూలుగా మూసే ఉంటది. ఎవరు నువ్వు అన్న ప్రశ్నకు తప్ప ఇంకే మాటకూ దారివ్వదు. రేడియస్ సరే అన్నాకే తెరుచుకుంటది. మూసి ఉంచేది స్విచ్ అన్న మాట మర్చిపోవద్దు.

ఇదే సమయంలో గాలిలో గొడవ మొదలైంది. వైఫైకి ఇచ్చిన మొదటి తాళం వెప్. 2001 ఆగస్టులో ఫ్లూరర్, మాంటిన్, షామిర్ అనే ముగ్గురు దాన్ని ఎట్లా పగలగొట్టవచ్చో రాసిపెట్టారు. కంపెనీలు పరుగులు పెట్టి 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2 తెచ్చాయి. మా లెక్క ప్రకారం ఈ చరిత్ర మొత్తంలో మనకు పనికొచ్చే ఘట్టం ఇదే. ఆ తాళాన్ని రెండు రకాలుగా చేశారు. ఒకటి ఎంటర్‌ప్రైజ్, అంటే 802.1ఎక్స్, వెనకాల రేడియస్ సర్వర్. రెండోది పర్సనల్, అంటే ఇంట్లో అందరికీ ఒకటే పాస్‌వర్డ్. ఇంట్లో రేడియస్ సర్వర్ నడిపేదెవరు, రిజిస్టరు రాసేదెవరు అన్న ప్రశ్న వాళ్లకు అప్పుడే తట్టింది. అందుకే ఇంటి వైఫైకి చిన్న తాళం ఒకటి విడిగా చేసి ఇచ్చారు.

మరి ఇంటి వైరుకి? ఏమీ ఇవ్వలేదు. పర్సనల్ లాన్ తాళం అనేది లోకంలో ఎక్కడా లేదు. గాలి గోడ దాటి పోతది, వైరు పోదు, ఇంటి తలుపే వైరుకు తాళం అనుకున్నారు. అమ్మానాన్నా ఇద్దరు పిల్లలు ఉండే ఇంటికి ఆ లెక్క సరిపోతది. తొమ్మిది గదులు, ఇరవై మంది, ఏడాదికి సగం మంది మారిపోయే మన బిల్డింగులకు ఎట్లా సరిపోతది? ఇల్లు అన్న మాటకు వాళ్ల మనసులో ఉన్న బొమ్మలో మనం లేము.

విండోస్ సంగతి కూడా చూడండి. 2001 అక్టోబరులో వచ్చిన ఎక్స్‌పీలోనే ఈ అథెంటికేషన్ ట్యాబ్ ఉంది. ఆ రోజుల్లో టిక్ ముందే పెట్టి వచ్చేది. ఇంట్లో వాడేవాళ్లకు "సర్టిఫికెట్ దొరకలేదు" అని, అథెంటికేట్ చేస్తున్నా అని ఊరికే మెసేజీలు వస్తుంటే, తెలిసినోళ్లు చెప్పే మొదటి మందు ఆ టిక్ తీసెయ్యమనే. తర్వాత విస్టాలో, 2008లో వచ్చిన ఎక్స్‌పీ మూడో సర్వీస్ ప్యాక్‌లో వైరు సంగతిని ‘వైర్డ్ ఆటోకాన్ఫిగ్’ అనే వేరే సర్వీసుకు అప్పగించారు. అది తనంతట తాను మొదలవ్వదు. అందుకే మామూలు లాప్‌టాప్‌లో ఆ ట్యాబ్ అసలు కనబడదు, సర్వీస్ స్టార్ట్ చేస్తేనే వస్తది. దాచి ఉంచిన ట్యాబ్ కదా, అదేదో గట్టి తాళం అయ్యుంటదని మన పిల్లలు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. నిజానికి ఇంట్లో దానికి పని లేదు కాబట్టి దాచారు.

ఇప్పుడు గదిలో ఆ టిక్ పెట్టి వైరు గుచ్చితే జరిగేదేంటి? లాప్‌టాప్ "నేనొచ్చా, అడగండి" అని ఒక సందేశం పంపుతది. జవాబు రాదు. మళ్లీ పంపుతది. ప్రమాణంలో రాసింది మూడు సార్లు. ఆ సందేశం వెళ్లే చిరునామా కూడా ప్రత్యేకమైనది, స్విచ్ అనేది దాన్ని పక్క పోర్టుకు దాటించకూడదని రూలు. అంటే చాలా వరకు మెట్ల కింద డబ్బా దగ్గరే ఆ కేక చచ్చిపోతది. మూడు కేకలకూ ఎవరూ పలకకపోతే లాప్‌టాప్ ఏం చెయ్యాలో కూడా ప్రమాణం చెప్పింది. ఇక్కడ నాకా లేదు కాబోలు అనుకుని మామూలుగా నడిచిపోవాలి. నెట్ వచ్చేస్తది. మనోడు తాళం పనిచేసింది అనుకుంటాడు. కాగితం ఉండటం వేరు, అడిగే మనిషి వాకిట్లో నిలబడటం వేరు. 1970 నుంచి 1/70 రెగ్యులేషన్ ఉన్న ఏజెన్సీలో పుట్టినోళ్లకు ఇది విడమరిచి చెప్పాలా?

పనికిరాదు సరే, ఉంటే నష్టమేంటి అంటారేమో. నష్టం ఉంది, దొంగ నాకా. ఖాకీ చొక్కా వేసుకుని, రోడ్డుకు అడ్డంగా వెదురు కర్ర పెట్టి నిలబడ్డ ప్రతివాడూ ఫారెస్టోడు కాదు. కాలేజీ కోసం పెట్టిన సెట్టింగులో మన కాలేజీ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ సేవ్ అయి ఉంటాయి. వైరు అవతలి కొసన ఎవడన్నా తన కంప్యూటర్‌ని స్విచ్ లాగా, రేడియస్ లాగా నటింపజేసి "ఎవరు నువ్వు" అని అడిగితే లాప్‌టాప్ జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉంటది. అడిగినోడు అసలైన సర్వరేనా అని సర్టిఫికెట్ చూసే టిక్ ఇంకొకటి ఉంది. కనెక్ట్ కావట్లేదని చాలా చోట్ల ముందు తీసేసేది దాన్నే. అది తీసేస్తే మన జవాబు దొంగ చేతిలో పడ్డట్టే. పాస్‌వర్డ్ నేరుగా పోదు, ఎంఎస్ చాప్ రెండో వెర్షన్ అనే లెక్కలో చుట్టి పోతది. కానీ 2012లో డెఫ్‌కాన్ సభలో మాక్సీ మార్లిన్‌స్పైక్, డేవిడ్ హల్టన్ ఆ లెక్కను ఒక్క రోజు లోపల విప్పొచ్చని చూపించారు. ఏది తీసినా ఆ సర్టిఫికెట్ టిక్ మాత్రం తియ్యొద్దు.

కాలేజీలో ఆ సెట్టింగు తప్పు కాదు. అక్కడ నాకా ఉంది, రేంజ్ ఆఫీసు ఉంది. 2003లో యూరప్‌లో మొదలైన ఎడురోమ్ ఈ పద్ధతి మీదే నడుస్తది. ఒక యూనివర్సిటీ విద్యార్థి ఇంకో దేశం యూనివర్సిటీకి పోయినా తన పాస్‌వర్డ్‌తోనే నెట్ వాడుకోవచ్చు. మన దేశంలో దాన్ని చూసేది ఎర్నెట్ ఇండియా.

అసలు నాకా ఉన్నచోట కూడా ఒక సందు ఉంది. 2005లో మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే స్టీవ్ రైలీ దాన్ని అందరికీ వినబడేలా చెప్పాడు. వైరు మీద 802.1ఎక్స్ మొదట ఒక్కసారి అడుగుతది, కర్ర లేచాక వెళ్లే ప్రతి మాటనూ చూడదు. సరైన లాప్‌టాప్ పక్కనే హబ్ పెట్టి దాని నీడలో ఇంకొకడు దూరొచ్చు. దానికి మందుగా వైరు మీది ప్రతి మాటనూ తాళం వేసి పంపే మాక్‌సెక్ ప్రమాణం 2006లో వచ్చింది, 2010 సవరణలో 802.1ఎక్స్‌తో ముడిపెట్టారు. ఇది మన గదులకు దూరపు ముచ్చట, వదిలేద్దాం.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాటకు వద్దాం. మన ఇంటి నెట్‌కు నాకా లేదా అంటే ఉంది, కానీ ఊరి పొలిమేరలో. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైనప్పుడు మోడెమ్‌లో యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పెట్టేవాళ్లు గుర్తుందా? డయలప్ కాలపు ప్రశ్ననే ఈథర్నెట్‌లో చుట్టి అడిగే పద్ధతి అది, 1999లో రాసుకున్నారు. ఇప్పుడు ఫైబర్‌లో కూడా గోడకు బిగించిన డబ్బా నంబరును కంపెనీ వాళ్ల మిషను గుర్తుపడితేనే లైన్ లేస్తది. కానీ ఆ ప్రశ్న అడిగేది బిల్లు కోసం. ఓనరు బిల్లు కట్టాడా లేదా అన్నదే దానికి కావాలి. డబ్బాకు ఇవతల మెట్ల కింద ఎవరు గుచ్చుకున్నారో దానికి పట్టదు. 2011 అక్టోబరులో ఒప్పుకున్న గ్రామ పంచాయతీల ఫైబర్ పథకం, తర్వాత భారత్‌నెట్ అని పేరు మార్చుకున్నది, అది మన గూడేలకు చేరినా ఇంతే. పంచాయతీ ఆఫీసు దాకా వచ్చిన వైరుకు కాపలా ఉంటది, అక్కడి నుంచి స్విచ్‌లు పెట్టి పంచుకున్న వైరుకు ఉండదు.

మరి గదుల్లో నిజంగా భయపడాల్సింది ఎంత? ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. ఈపాస్ సైటులో స్కాలర్‌షిప్ అప్లై చేసేటప్పుడు కొట్టిన పాస్‌వర్డ్ పక్క గదివాడు వైరులోంచి చదవలేడు. అడ్రసు ముందు హెచ్‌టీటీపీఎస్ ఉన్నంత వరకు ఆ మాట మూటగట్టి పోతది. బ్రౌజర్ "ఈ సైటు సర్టిఫికెట్ సరిగా లేదు" అన్నప్పుడు పర్లేదులే అని ముందుకు నొక్కితేనే ప్రమాదం. నిజంగా పోయేవి వేరే ఉన్నాయి. షేర్ చేసి వదిలేసిన ఫోల్డర్లు, వాటిలో కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ స్కాన్‌లు. మార్చని రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్. ఇంకొకటి, దొంగతనం కాదు గానీ దొంగతనం కన్నా ఎక్కువ ఏడిపించేది. ఎవరో పాత వైఫై రూటర్ తెచ్చి దాని లాన్ పోర్టులో వైరు గుచ్చుతారు. ఆ రూటర్ కూడా అందరికీ అడ్రసులు పంచడం మొదలుపెడతది. బిల్డింగు మొత్తం నెట్ పోతది. మా బిల్డింగులో పరీక్ష ఫీజు ఆఖరి తేదీ నాడు ఇదే జరిగింది. గది గదికీ పోయి వైర్లు పీక్కుంటూ వెతికాం.

కాబట్టి గదిలో లాన్ వాడేవాళ్లు అథెంటికేషన్ టిక్ తీసెయ్యండి. విండోస్‌లో ఆ కనెక్షన్‌ని ‘పబ్లిక్’ నెట్‌వర్క్ అని పెట్టుకోండి, ‘ప్రైవేట్’ కాదు. బస్టాండు వైఫైలో ఉన్నట్టే అనుకోవాలి, ఫైర్‌వాల్ ఆన్‌లో ఉండాలి. ఓనరు అన్నతో మాట్లాడి రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్పించండి, వైఫై డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ ఉందేమో చూసుకోండి, గదులు ఖాళీ అయిన ప్రతిసారీ వైఫై పాస్‌వర్డ్ మార్చండి. ఒక పోర్టు ఇంకో పోర్టుతో మాట్లాడకుండా విడదీసే చిన్న స్విచ్‌లు దొరుకుతున్నాయి, పాతది పాడైనప్పుడు అట్లాంటిది తెచ్చుకుంటే పక్క గదివాడి రూటర్ గోల కూడా మనదాకా రాదు.

లేదు, మాకు నిజమైన నాకాయే కావాలి, కంప్యూటర్స్ చదువుతున్నాం, చేసి చూస్తాం అనే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉంటే ఇంకా సంతోషం. 1999 నుంచి ఫ్రీ రేడియస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. పాత లాప్‌టాప్‌లో లినక్స్ వేసి దాన్ని నడపొచ్చు, రేంజ్ ఆఫీసు తయారైనట్టే. ఇక కావాల్సింది వాచర్. మామూలు ఎనిమిది పోర్టుల డబ్బా దానికి పనికిరాదు, మేనేజ్డ్ స్విచ్ కావాలి. అన్ని మేనేజ్డ్ స్విచ్‌లూ కూడా చెయ్యవు. సెకండ్ హ్యాండ్‌లో కొనేటట్టయితే మోడల్ నంబరు పట్టుకుని 802.1ఎక్స్ ఉందో లేదో చూశాకే డబ్బులివ్వండి.